ముప్పైకి పద్దెనిమిది

మతిమరుపు వచ్చిందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన ఆడమనిషిని అక్కడ ఏం అడుగుతారు? ఇవాళ తారీఖెంత, ఇది ఏ సంవత్సరం, మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అందులోంచి మళ్ళీ ఏడు తీసేస్తే ఎంత. ఆ ప్రశ్నలైపోయాక డాక్టరు ఆమె మీదనుంచి చూపు తిప్పి, పక్కన కూచున్న కొడుకునో భర్తనో అడుగుతాడు, "ఎప్పట్నించి ఇలా ఉంది?" అని. "నీకేం తేడా తెలుస్తోందమ్మా? ఏ పని దగ్గర తడబడుతున్నావు? దేనికి భయపడుతున్నావు?" అని ఆమెనే అడిగే గదులు చాలా తక్కువ. అడిగినా ఆ జవాబుకి మార్కుల్లేవు.

డాక్టర్లకి తీరిక లేదు, ఏం చేస్తాం అని సరిపెట్టుకోవటానికి నాకు మనసొప్పటం లేదు. ఆడదాని మాటని, ముఖ్యంగా తన గురించి తను చెప్పుకునే మాటని, సాక్ష్యం కింద లెక్కవెయ్యకపోవటం మనకి కొత్త కాదు. నొప్పి అంటే నటన అన్నారు. కొట్టాడంటే నువ్వేమన్నావని అడిగారు. డిమెన్షియా తొలిదశలో ఉన్న స్త్రీ దగ్గరికొచ్చేసరికి ఆ పాత అలవాటుకి శాస్త్రం పేరు కూడా ఒకటి దొరికింది. ఆ సంగతికి వస్తాను. ముందు పరీక్ష సంగతి.

ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న పరీక్ష 'మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్'. 1975లో మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అమెరికాలో తయారుచేశారు. మొత్తం 30 మార్కులు. కాలానికి 5, స్థలానికి 5, మూడు మాటలు విని తిరిగి చెప్పటానికి 3, కాసేపాగి వాటిని గుర్తుచేసుకోవటానికి 3, లెక్కకి 5. మిగిలిన 9 మార్కులు వస్తువుల పేర్లు చెప్పటానికీ, చెప్పిన పని వరసలో చెయ్యటానికీ, ఒక వాక్యం చదవటానికీ, ఒక వాక్యం సొంతంగా రాయటానికీ, ఒకదానిమీదొకటి ఎక్కిన రెండు ఐదుమూలల బొమ్మల్ని చూసి గియ్యటానికీ, ఇలాంటివాటికి. 24కి తగ్గితే అనుమానించాలని చాలాకాలం నడిచిన లెక్క.

దీన్ని తయారుచేసినవాళ్ళకి దురుద్దేశముందని నేననను. కానీ 1993లో అమెరికాలోనే 18 వేలమంది మీద చేసిన అధ్యయనం ఏం చెప్పిందో చూడండి. తొమ్మిదేళ్ళో అంతకన్నా ఎక్కువో చదివినవాళ్ళలో నడిమధ్య నిలిచిన మనిషికి 29 వచ్చాయి. నాలుగేళ్ళకి మించి చదవనివాళ్ళలో నడిమధ్య మనిషికి వచ్చింది 22. అంటే బడి మొహం సరిగ్గా చూడనివాళ్ళలో సగానికి పైగా ఆ 24 గీతకి కిందే ఉండిపోయారు. వాళ్ళందరికీ జబ్బేనా?

ఇక మనవైపు. 1951 జనాభా లెక్కల్లో ఈ దేశపు స్త్రీలలో చదవటం రాయటం వచ్చినవాళ్ళు నూటికి తొమ్మండుగురు లోపే. ఇవాళ డెబ్భయ్యయిదేళ్ళు దాటి ఆసుపత్రి బెంచీల మీద కూచున్న అమ్మమ్మలు ఆ లెక్కల చుట్టుపక్కల పుట్టినవాళ్ళు. వాళ్ళ అన్నదమ్ములు పలకలు పట్టుకుని బడికెళ్తుంటే వాళ్ళు తమ్ముళ్ళని చంకనేసుకున్నారు, గేదెల వెనక వెళ్ళారు, పదమూడేళ్ళకో పదిహేనేళ్ళకో అత్తారింటికెళ్ళారు. ఇన్నేళ్ళ తర్వాత చేతిలో పెన్ను పెట్టి "ఈ బొమ్మ గియ్యి" అంటే ఆ చెయ్యి వణుకుతుంది. ఆ వణుకుని వ్యాధి అని రాసుకుంటున్నాం. అదే చెయ్యి తెల్లవారకముందే పదిహేను చుక్కల ముగ్గు ఎక్కడా గీత తప్పకుండా తిప్పి ఉంటుంది.

అయితే, "ముగ్గు వేస్తోంది కదా, ఆవిడ మెదడు బాగానే ఉంది" అనేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. చేతికి పట్టుబడిన పని జబ్బు వచ్చాక కూడా చాలాకాలం నిలుస్తుంది. ముగ్గు బ్రహ్మాండంగా వేసే మనిషికి డిమెన్షియా ఉండొచ్చు. ఐదుమూలల బొమ్మ గియ్యలేని మనిషికి లేకపోవచ్చు. తేడా తెలియాలంటే ఆమె ఐదేళ్ళ కిందట ఏ పనులు ఎలా చేసేదో, ఇప్పుడు వాటిలో ఏది జారిపోతోందో తెలియాలి. అది అందరికన్నా ముందు తెలిసేది ఆమెకి.

చదువు విషయంలో ఇంకో ఘోరం కూడా ఉంది. చిన్నతనంలో చదువు లేకపోవటం డిమెన్షియా రావటానికి ఉన్న కారణాలలో ఒకటని 2017 నుంచీ లాన్సెట్ కమిషన్ నివేదికలు చెప్తూనే ఉన్నాయి. మన దేశంలో అరవై దాటినవాళ్ళ మీద జరిగి, 2023లో వెలువడిన పెద్ద అధ్యయనం స్త్రీలలో 9 శాతం మందికి, పురుషులలో 5.8 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. ఆడపిల్లని బడి మాన్పించటం వల్ల జబ్బు వచ్చే అవకాశం నిజంగానే పెరుగుతోంది, తీరా వచ్చాక అదే కారణం వల్ల జబ్బు ఉందో లేదో సరిగ్గా కొలవటమూ కుదరటం లేదు. ఒకే అన్యాయానికి ఆమె రెండుసార్లు మూల్యం చెల్లిస్తోంది.

కొలిచే సాధనాలు లేవా అంటే, ఉన్నాయి. చదువురాని పల్లెవాళ్ళ కోసం హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గర పనిచేసిన పరిశోధకులు 1995లోనే హిందీలో పరీక్షని తిరగరాశారు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు తెలుగు మాట్లాడేవాళ్ళ కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. 2020లో భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల పేటికనే తయారుచేసింది. నిమ్స్ బృందమే 2013లో 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఒక్క భాషే వచ్చినవాళ్ళకన్నా సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా జబ్బు మొదలైందని చెప్పింది. అక్షరం ముక్క రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగూ, బజారులో ఉర్దూ, పనిచేసే ఇంట్లో హిందీ మాట్లాడే మనిషి నేర్చిన విద్యని విద్య అని గుర్తించటానికి మనకి 2013 దాకా పట్టింది! ఇంత జరిగినా, పదినిమిషాల ఓపీలో బల్లమీదకొచ్చేది మాత్రం పాత జిరాక్సు కాగితమే.

బాగా చదువుకున్న ఆడవాళ్ళయితే ఈ పరీక్షలతో గట్టెక్కుతారనుకుంటున్నారా? వాళ్ళకి ఇంకో రకం చిక్కు. మాటల్ని గుర్తుపెట్టుకోవటంలో స్త్రీలకి సగటున పురుషులకన్నా కాస్త మెరుగైన శక్తి ఉందని పరిశోధనల్లో తేలింది. దానివల్ల మెదడులో మార్పులు మొదలైనా పరీక్షలో మార్కులు తగ్గవు. అమెరికా పరిశోధకులు 2016లో ఈ విషయం చూపించారు. ఇలాంటి రిటైర్డ్ టీచరు "నేను తడబడుతున్నాను, ఏదో అవుతోంది నాకు" అని వెళ్తే "ముప్పైకి ఇరవై తొమ్మిది వచ్చాయి, మీకేం లేదు, బాగా నిద్రపోండి" అని పంపిస్తారు. చదువురానామె లేదంటే ఉందంటారు, చదువుకున్నామె ఉందంటే లేదంటారు. ఇద్దరి విషయంలోనూ లెక్కకి రానిది ఆమె చెప్పిన మాటే.

ఇప్పుడు ఆ శాస్త్రం పేరు సంగతి. జబ్బు ఉన్న మనిషికి తనకి జబ్బున్నట్టు తెలియకపోవటాన్ని అనోసాగ్నోసియా అంటారు. 1914లో ఫ్రెంచి వైద్యుడు బాబిన్‌స్కీ పెట్టిన పేరు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయినా పడిపోలేదనే రోగుల్ని చూసి పెట్టాడు. డిమెన్షియాలో కూడా ఇది నిజంగా ఉంది. స్టవ్ మీద గిన్నె మూడుసార్లు మాడ్చి "నేను కాదు" అని అమాయకంగా అనేవాళ్ళున్నారు. వాళ్ళు అబద్ధమాడటం లేదు. మెదడులో ఆ తప్పుని పట్టి చూపే భాగమే దెబ్బతింది. నేను దాన్ని కాదనటం లేదు.

నేను అడిగేది, దాన్ని ఎలా కొలుస్తున్నారని. ఎక్కువగా వాడే పద్ధతి ఇది: రోగికి కొన్ని ప్రశ్నలు, ఇంట్లోవాళ్ళకి అవే ప్రశ్నలు. "డబ్బు లెక్క చూసుకోగలరా? వస్తువులు ఎక్కడ పెట్టిందీ గుర్తుంటోందా?" రెండు జవాబుల మధ్య తేడా ఎంతుంటే రోగికి అంత 'తెలివిడి లేదు' అని. అంటే ఇంట్లోవాళ్ళు చెప్పిందే కొలబద్ద, ఆమె చెప్పింది తప్పిన కొలత. ఇంట్లోవాళ్ళు ఎంత విసిగి ఉన్నారు, ఎంత దిగులుగా ఉన్నారు అనేదాన్ని బట్టి వాళ్ళ జవాబులు మారతాయని ఈ రంగంలో పనిచేసేవాళ్ళకీ తెలుసు. బ్రిటన్‌లో లిండా క్లేర్ లాంటి మనస్తత్వవేత్తలు, ఈ 'తెలియకపోవటం'లో కొంత మెదడుది, కొంత సిగ్గుది, కొంత భయానిది, కొంత పక్కవాళ్ళ ప్రవర్తనదీ అని ఇరవయ్యేళ్ళకి పైగా చెప్తున్నారు. అయినా కేసు షీటులో అది రెండు ముక్కలే. ఇన్‌సైట్ లేదు.

మా పెద్దమ్మ విషయంలో ఆ రెండు ముక్కలూ నేను కళ్ళారా చూశాను. డెబ్భయ్యారేళ్ళ మనిషి, మూడో తరగతి దాకా చదివింది. ఆమెని చూపించిన ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. "ఏ నెలమ్మా?" అంటే "ఆషాఢం" అంది. "తారీఖు?" అంటే "నిన్న తొలి ఏకాదశి గదయ్యా, ఇయ్యాల ద్వాదశి" అంది. ఆ రెండిటికీ సున్నాలే. మొత్తం 30కి 18. అన్నయ్య, అంటే పెద్దమ్మ కొడుకు, "మా అమ్మకి తన పరిస్థితి ఏమీ తెలీదండీ" అని చెప్పాడు. డాక్టరు అదే రాసుకున్నాడు.

ఆమెకి జబ్బు లేదని వాదించటానికి ఇది రాయటం లేదు. ఉంది. తర్వాత పెరిగింది కూడా. కానీ తెలీదన్న మాట శుద్ధ అబద్ధం. బీపీ మాత్రలు వేసుకుందో లేదో గుర్తుండటం లేదని, రెండు డబ్బాలు పెట్టుకుని మాత్ర వేసుకున్నప్పుడల్లా ఒక శనగగింజని ఒక డబ్బాలోంచి రెండో డబ్బాలోకి మార్చేది. అంతకుముందు సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర కూచోలేదు. "నీ చెయ్యి మంచిదే, నువ్వు పట్టు" అని కోడలికి గరిటె ఇచ్చేసింది. నలభై ఏళ్ళుగా ఆ పాకం దగ్గరికి ఇంకొకర్ని రానివ్వని మనిషి! పెళ్ళిళ్ళకి మోకాళ్ళ నొప్పులని మానేసింది. పేర్లు తప్పిపోతాయేమోనని భయం. కొంగున ముడి వేసుకుని, ఆ ముడి ఎందుకేసిందో గుర్తురాక, దాన్ని విప్పకుండా రోజంతా తిరిగేది. తన మతి తనని వదిలిపోతోందని తెలిసిన మనిషి చేసే పనులు కావా ఇవి?

ఇవన్నీ తెలిసిన మనిషి ఆ గది గుమ్మం దగ్గరే నించుని ఉంది. మా వదిన. పొద్దున లేపటం దగ్గర్నించి రాత్రి పక్క వెయ్యటం దాకా చూసేది ఆమె. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే అన్నయ్య 'రోగి తరఫు సమాచారం' ఇచ్చాడు, కుర్చీలో కూచుని. రోగి మాట చెల్లదు, కోడలి మాట అడగరు. డిమెన్షియాలో పరీక్షలకి గురయ్యేదీ, చాకిరీ చేసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే అయినప్పుడు, ఆ ఇద్దరి గురించీ సాక్ష్యం చెప్పే హక్కు ఎవరిదైందో చూడండి. (వదిన తర్వాత నాతో అంది: "ఆమెకి తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకీ తెలుసు. మేం ఎప్పుడూ అనుకోలేదు." ఈ మాటని కొలిచే ప్రశ్నాపత్రం ఎవరి దగ్గరైనా ఉందా?)

అత్తాకోడళ్ళ మధ్య అంతా సామరస్యమేనని కాదు. "నా గాజులు తీశారు" అనే నింద ముందుగా పడేది చాకిరీ చేసే ఆ కోడలి మీదే. జబ్బులో వచ్చే భ్రమల్లో దొంగతనం భ్రమ చాలా మామూలు. ఆ నింద మొయ్యటం ఎంత నరకమో మొయ్యనివాళ్ళకి తెలీదు. కానీ కొన్ని ఇళ్ళల్లో ఆ గాజులు నిజంగానే తాకట్టుకి వెళ్ళి ఉంటాయి. ఎవరు పెట్టారో ఆ కోడలికి కూడా తెలియకుండా. భ్రమ అని రాసుకునేముందు బీరువా తెరిచి చూడాలని ఎవరికీ తోచదు.

ఈ జబ్బు చరిత్ర మొదలైందే ఇలాంటి ఒక మాటతో. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె డిటర్ అనే యాభై ఒక్కేళ్ళ స్త్రీని చేర్చారు. భర్త రైల్వే గుమాస్తా. అతను పొరుగామెతో తిరుగుతున్నాడని ఆమె అనటం మొదలుపెట్టటమే మొదటి లక్షణం అని నమోదైంది. అది భ్రమేనేమో, కాకపోనూ వచ్చు. భర్త చెప్పిందే కేసు చరిత్ర అయింది. అలోయిస్ అల్జీమర్ ఆమెని కూచోబెట్టి పేరు రాయమన్నాడు. 'శ్రీమతి' అన్నంతవరకు రాసి మిగతాది మర్చిపోయింది. నన్ను నేను పోగొట్టుకున్నాను అని అర్థం వచ్చేట్టు ఆమె అన్న మాట రికార్డులోకెక్కింది. ఇంతకన్నా తెలివిడి ఎక్కడుంటుంది? ఆమె 1906లో చనిపోయింది. 1910లో జబ్బుకి డాక్టరు పేరు పెట్టారు. ఆమె ఫైలు 1990లలో గానీ దొరకలేదు.

మర్చిపోతున్నవాళ్ళు తమ గురించి తాము చెప్పలేరన్న మాట ఎప్పుడో అబద్ధమైపోయింది. ఆస్ట్రేలియాలో క్రిస్టీన్ బ్రైడెన్‌కి 1995లో, నలభై ఆరేళ్ళ వయసులో డిమెన్షియా అన్నారు. ఆమె పుస్తకాలు రాసింది, అంతర్జాతీయ అల్జీమర్స్ సంస్థ బోర్డులో కూచుంది. ఇంత బాగా మాట్లాడుతోంది కాబట్టి ఆమెకి అసలు జబ్బే లేదన్నవాళ్ళున్నారు! ఇంగ్లండులో వెండీ మిచెల్ 2014లో జబ్బు తెలిశాక 2018లో తన కథ తనే చెప్పింది, 2024లో పోయేదాకా మాట్లాడుతూనే ఉంది. ఐరిస్ మర్డోక్ అంతటి నవలాకారిణి కథ మాత్రం భర్త రాశాడు. ఆమె బతికుండగానే, 1998లో. ప్రేమతోనే రాశాడు. కానీ అందులో ఆమె చూసేది కాదు, చూడబడేది. మన భాషలో ఈ జబ్బు గురించి కథలు వస్తున్నాయి. చాలావాటిలో చెప్పేది కొడుకే, కూతురే. అమ్మ కుర్చీలో కూచుని శూన్యంలోకి చూస్తుంటుంది. ఆ శూన్యం ఎవరిది?

"నువ్వేం చేసినా ఆవిడకి గుర్తుండదు కదా" అనేది ఇంకో మాట. 2014లో అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ రోగులకి బాధపెట్టే సినిమా ముక్కలు, నవ్వించే ముక్కలు చూపించారు. సినిమాలో ఏముందో మర్చిపోయాక కూడా ఆ బాధ, ఆ సంతోషం వాళ్ళలో మిగిలే ఉన్నాయి. డాక్టరు గదిలో తన ఎదురుగానే తన గురించి "ఏమీ తెలీదు" అన్నప్పటి అవమానం కూడా అలాగే మిగులుతుంది. ఎందుకు అవమానంగా ఉందో చెప్పలేకపోవచ్చు. ఇంటికొచ్చాక అన్నం తినదు. దాన్ని మళ్ళీ 'మొండితనం' అని ఇంకో లక్షణం కింద రాస్తారు.

మార్కుల కాగితం ఆసుపత్రిలో ఆగిపోతే ఇంత రాయాల్సిన పనిలేదు. అది బ్యాంకుకీ రిజిస్ట్రారాఫీసుకీ కూడా నడిచిపోతుంది. "అమ్మకి మతి లేదు" అన్న మాట పెన్షను పుస్తకం చేతులు మారటానికి చాలు. పుట్టింటివాళ్ళిచ్చిన అరెకరం విషయంలో "నా వాటా నా కూతురికి" అని ఆమె అంటే, మతి లేని మాట అని కొట్టెయ్యటానికీ చాలు. అదే ఆమె కొడుకు పేర వేలిముద్ర వేస్తే మాత్రం మతి ఉన్నట్టే. చట్టం ఇలా లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే, మామూలుగా మతి స్థిమితం లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యానికిచ్చిన నిర్వచనంలో జ్ఞాపకశక్తి మాట ఉంది. చికిత్స విషయంలో మనిషి తీసుకున్న నిర్ణయం ఇతరులకి తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే సామర్థ్యం లేదనకూడదని అదే చట్టం స్పష్టంగా చెప్తోంది. ఎక్కడా ముప్పైకి ఇన్ని మార్కులు అని లేదు.

కాబట్టి అడగాల్సింది కొత్త యంత్రాలూ, కొత్త స్కానింగులూ కాదు. పరీక్షకి ముందు ఆమెతో ఒంటరిగా పావుగంట మాట్లాడమనండి, కొడుకుని బయట కూచోబెట్టి. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసుకోమనండి. రోజూ చూసుకునే మనిషి ఎవరో కనుక్కుని ఆమెని లోపలికి పిలవమనండి. చదువురాని మనిషికి చదువురానివాళ్ళ కోసం చేసిన పరీక్షే పెట్టమనండి, అది మన భాషలోనే ఉంది. అన్నిటికన్నా ముందు, జబ్బు పేరు ఆమెకి చెప్పమనండి. "చెప్తే తట్టుకోలేదు" అని దాచిపెడుతున్నవాళ్ళు ఆమె ఇంతవరకు ఏమేం తట్టుకుందో ఒక్కసారి లెక్కేసుకుంటే బాగుండు. చెప్పకపోతే, ఇంకా చెప్పుకోగలిగిన ఆ ఒకటి రెండేళ్ళూ చేజారిపోతాయి. తనకేం కావాలో, ఎవరి దగ్గరుండాలనుందో, ఏ వైద్యం వద్దో చెప్పుకోగలిగిన కాలం అదే.

ఆ కాలంలో చేసుకోగలిగిన పని ఒకటి 2017 చట్టంలోనే ఉంది. తను నిర్ణయించుకోలేని రోజు వస్తే చికిత్స విషయంలో తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆమే ఎంచుకోవచ్చు. భర్తే కానక్కర్లేదు, కొడుకే కానక్కర్లేదు. కూతురు కావచ్చు, కోడలు కావచ్చు, నలభై ఏళ్ళ స్నేహితురాలు కావచ్చు. ఆ మనిషి ఒప్పుకోవాలి, మైనరు కాకూడదు. స్టాంపు పేపరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెడితే సరిపోతుంది. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేసినా చెల్లుతుంది.